విల్లు వేటకు బ్రాడ్‌హెడ్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు చాలామంది అక్కడ ఆఫీసు స్నేహితులతో కలిసి విల్లుతో జింక వేటకు వెళ్తున్నారు. నేను కొన్నేళ్లు మిస్సోరీలో ఉండి వచ్చానని తెలిసి, సీజన్ దగ్గర పడేసరికి ఏ బ్రాడ్‌హెడ్ కొనాలని, అంటే బాణం చివర బిగించే రెక్కల వేట మొన ఏది కొనాలని, వాట్సాప్‌లో అడగడం మొదలుపెడతారు. ఊళ్లో ఉన్న కుర్రాళ్లు కూడా ఆన్‌లైన్‌లో బొమ్మలు చూసి అడుగుతుంటారు. ఏటా అవే సందేహాలు కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనకముందు: చట్టం సంగతి

మన కొండల్లో అడవిపందులు చేలు పాడు చేస్తున్నాయి, వాటి మీద వాడొచ్చా?

వాడకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 ప్రకారం వేట నేరం. జంతువు చావకపోయినా, ప్రయత్నం కూడా వేట కిందకే వస్తుంది. సరదా వేటకు లైసెన్సు ఇచ్చే పద్ధతి 1991 సవరణతోనే పోయింది. 2022లో మళ్లీ సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మామూలు నేరానికి మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ (చట్టంలోని జాబితా) జంతువైతే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. విల్లు, బాణాలు, ఎక్కి వెళ్లిన బండి కూడా పోతాయి. పంటనష్టం నిజమే, బాధా నిజమే. దానికి దారి ఫారెస్టు ఆఫీసులో అర్జీ. అడవిపంది లాంటి రెండో షెడ్యూల్ జంతువు పంటకు ముప్పుగా మారితే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా విల్లు ఎత్తకండి.

చైత్ర పండుగకి ఊరంతా వేటకి వెళ్తారు కదా, అది వేరే లెక్క కాదా?

ఆచారంగా వేరే లెక్కే, చట్టం దగ్గర కాదు. కొరాపుట్ వైపు చైత్ర పర్వానికీ, ఇవతల ఆంధ్ర ఏజెన్సీలో ఇటుకల పండుగకీ వేట ఎప్పటి నుంచో ఉంది. కానీ 2006 అటవీ హక్కుల చట్టం అన్ని సంప్రదాయ హక్కుల్నీ గుర్తిస్తూనే, జంతువుల్ని వేటాడే హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. వన్యప్రాణి చట్టంలో గిరిజనుల వేట హక్కును కాపాడిన సెక్షన్ 65 నికోబార్ దీవుల వారికే వర్తిస్తుంది.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. అక్కడ విల్లు వేటకి వెళ్తే వీసాకి ఇబ్బందా?

అక్కడి ఫెడరల్ చట్టంలో విల్లు తుపాకీ కింద లెక్క కాదు. మీకు కావాల్సింది ఆ రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు, ఆ జంతువుకు ట్యాగు (దాన్ని కొట్టడానికి అనుమతి చీటీ), చాలా రాష్ట్రాల్లో హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్. యాభై రాష్ట్రాల్లోనూ విల్లు వేట ఉంది, రూల్స్ మాత్రం రాష్ట్రానికొక రకం. బ్రాడ్‌హెడ్ కనీసం 7/8 అంగుళం వెడల్పు ఉండాలని చాలాచోట్ల ఉంటుంది. బయటికి లాగితే కొక్కెంలా పట్టుకునే మొనలు చాలాచోట్ల నిషేధం. మెకానికల్ రకం (తగిలాక రెక్కలు విచ్చుకునేది) మీద ఆంక్షలు ఏటా మారుతుంటాయి, అందుకే ఆ ఏడాది పుస్తకమే చూడండి, స్నేహితుడి మాట కాదు. ఇంగ్లండ్, జర్మనీలో ఉన్నవాళ్లు ఈ ఆలోచనే మానుకోండి, అక్కడ విల్లుతో వేట నిషిద్ధం.

## ఎంచుకునేటప్పుడు

మామూలు మొనకీ బ్రాడ్‌హెడ్‌కీ తేడా ఏంటి?

పోటీల్లో వాడే మొన గుండ్రంగా ఉంటుంది, దాని పని అట్టలో గుచ్చుకోవడమే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతోనే, అంటే రెండు కొసల్లో కప్పీలుండే విల్లుతో. వేటకు వాడేదీ అలాంటి విల్లే, మారేది బాణం, దాని చివర మొన. బ్రాడ్‌హెడ్‌కి బ్లేడులాంటి రెక్కలు ఉంటాయి. తుపాకీ గుండు దెబ్బ బలంతో చంపితే, బాణం రక్తనాళాల్ని కోసి చంపుతుంది. కోత శుభ్రంగా ఉంటే జంతువు కొన్ని సెకన్లలోనే కూలిపోతుంది. కోత సరిగ్గా లేకపోతే రోజుల తరబడి నరకం పడుతుంది. బ్రాడ్‌హెడ్ ఎంపికలో మిగతా వాదనలన్నీ దీని తర్వాతే.

ఫిక్స్‌డ్ మంచిదా, మెకానికల్ మంచిదా? ఒక్క మాటలో చెప్పండి అన్నా.

మొదటిసారి అయితే ఫిక్స్‌డ్.

కారణం ఇదీ. ఫిక్స్‌డ్‌లో రెక్కలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, కదిలే భాగం లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. వెడల్పు సాధారణంగా ఒక అంగుళం నుంచి అంగుళం పావు. మెకానికల్‌లో రెక్కలు ముడుచుకుని వెళ్లి తగిలాక విచ్చుకుంటాయి. అంగుళంన్నర, రెండు అంగుళాల గాయం చేస్తాయి, రక్తపు జాడ బాగా దొరుకుతుంది, గాల్లో మామూలు మొనలాగే వెళ్తాయి. ఈ సుఖాలన్నీ నిజమే. కానీ విచ్చుకోవడానికీ, ఆ వెడల్పు కోయడానికీ బాణం బలంలో కొంత ఖర్చవుతుంది. ఏటవాలుగా తగిలితే పక్కకు జారే ప్రమాదం ఉంది. రెక్కల్ని పట్టి ఉంచే రబ్బరు రింగో ప్లాస్టిక్ కాలరో ఎండకి పెళుసెక్కితే అమ్ముల పొదిలోనే తెరుచుకుంటాయి.

65, 70 పౌండ్ల విల్లు (నారి లాగడానికి కావాల్సిన బలం అది), తెల్లతోక జింక, పక్కకి తిరిగి నిలబడిన జంతువు అయితే మెకానికల్‌తో బాగానే పని జరుగుతుంది. విల్లు బలం తక్కువైనా, ఎముక మందమైన జంతువైనా ఫిక్స్‌డ్ తప్ప వేరే మాట నా దగ్గర లేదు. కొందరు మెకానికల్ వైపు వెళ్లేది బాణం వంకర లేకుండా వెళ్లేలా విల్లు సరిగ్గా ట్యూన్ చేసుకోకుండా తప్పించుకోవడానికి. అది మాత్రం ఒప్పుకోను.

రెండు రెక్కలా, మూడా, నాలుగా?

రెండు రెక్కలది లోతుగా దిగుతుంది, పదును పెట్టడమూ తేలిక. మూడు, నాలుగు రెక్కలవి గాయాన్ని తెరిచి ఉంచుతాయి, రక్తం బాగా కారుతుంది, కానీ ఎముక తగిలితే తడబడతాయి. కొన్ని రెండు రెక్కల మొనలకి చిన్న అడ్డ రెక్కలు ఉంటాయి, వాటిని బ్లీడర్లు అంటారు. జింకకి ఏదైనా ఫర్వాలేదు.

రెక్కల సంఖ్య కన్నా మొన కొస చూడండి. కొస నుంచే పదును మొదలైతే తగిలీ తగలగానే కోస్తుంది. గునపం కొసలా మూడు పలకలుగా ఉండేది ముందు గుచ్చుకుని, తర్వాత కోస్తుంది. ఎముక మీద అది వంగదు గానీ, బలం తక్కువున్న విల్లుకి తోలు దగ్గరే శక్తి తినేస్తుంది.

సింగిల్ బెవెల్ అని ఊదరగొడుతున్నారు, నిజంగా అంత గొప్పదా?

పెద్ద జంతువులకి గొప్పదే, జింకకి తప్పనిసరి కాదు. వడ్రంగి ఉలిలా ఒకవైపే ఏటవాలుగా పదును పెడతారు. దాంతో లోపలికి వెళ్తూ తిరుగుతుంది, ఎముకని గుచ్చడంతో సరిపెట్టక చీలుస్తుంది. దీని పేరు పైకి తెచ్చినవాడు డాక్టర్ ఎడ్ ఆష్బీ. దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో మొదలుపెట్టి, చచ్చిన పెద్ద జంతువుల మీద రకరకాల బాణాలు వేసి ఏది ఎంత లోతు దిగిందో ఏళ్ల తరబడి రాసుకున్నాడు. ఆయన జాబితాలో మొదటి స్థానం బాణం, మొన విరగకపోవడానిది. రెండోది బాణం వంకర లేకుండా ఎగరడం. బెవెల్ ఎప్పుడో ఆ తర్వాత. దాన్ని మొదటికి తెచ్చింది అమ్మేవాళ్లు.

కొంటే ఒక్కటి గమనించండి. కుడి బెవెల్ మొనకి బాణం ఈకలు కూడా కుడివైపు తిప్పి అతికించినవే ఉండాలి. ఎడమకి ఎడమ. అటొకటి ఇటొకటి అయితే ఒకదాని తిప్పుడు ఇంకోటి ఆపేస్తుంది.

100 గ్రెయిన్లా, 125 గ్రెయిన్లా?

మీరు ఏ బరువు మొనతో ప్రాక్టీసు చేస్తున్నారో అదే. 100 గ్రెయిన్లంటే సుమారు ఆరున్నర గ్రాములు, 125 అంటే ఎనిమిది గ్రాములకి కొంచెం పైన. ఇంత తేడాకే బాణం కర్ర ఒంగే తీరు మారిపోతుంది. 100కి సరిపోయే కర్రకి 125 బిగిస్తే అది మెత్తనైనట్టు ప్రవర్తిస్తుంది. కొత్తగా అంతా కొంటున్నవాళ్లైతే 125 తీసుకోండి. ఆ అదనపు బరువు వల్ల రెక్కలు మందంగా చేయడానికి వీలుంటుంది, బాణం ముందు భాగం బరువెక్కి నిలకడగా వెళ్తుంది.

మా ఆవిడ విల్లు 45 పౌండ్లే. జింకకి సరిపోతుందా?

సరిపోతుంది. చాలా రాష్ట్రాల్లో జింకకి కనీసం 40 పౌండ్లు అడుగుతారు. అలాస్కాలో నల్ల ఎలుగుబంటికి 40, మూస్ (భారీ జింక జాతి), గోధుమ ఎలుగుబంటి లాంటివాటికి 50. కాకపోతే రెండు రెక్కల ఫిక్స్‌డ్, సన్నటి వెడల్పు, బరువైన బాణం, దగ్గరి దూరం. ఇవి నాలుగూ కుదరాలి.

బరువైన బాణం ఎందుకో ఒక లెక్క చూడండి. బాణం బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకు అడుగుల్లో తీసుకుని, బరువు × వేగం × వేగం ÷ 4,50,240 చేస్తే శక్తి అడుగు-పౌండ్లలో వస్తుంది. ఓ బలమైన విల్లు నుంచి 400 గ్రెయిన్ల బాణం 270 వేగంతో వెళ్తే సుమారు 65. అదే విల్లు నుంచి 500 గ్రెయిన్లది 245 వేగంతో వెళ్తే దాదాపు 67. శక్తి ఇంచుమించు సమానమే, కానీ బరువునీ వేగాన్నీ గుణించి చూస్తే రెండోదే పదమూడు శాతం ఎక్కువ. తోలు, కండ, పక్కటెముక దాటుకుంటూ పోవాల్సినప్పుడు అక్కరకొచ్చేది అదే. వాడుకలో ఉన్న ఈస్టన్ పట్టిక జింకకి 25 నుంచి 41 అడుగు-పౌండ్లు, ఎల్క్ (పెద్ద జింక జాతి), అడవిపందికి 42 నుంచి 65 చెబుతుంది.

టెక్సస్‌లో పందుల వేట, కొలరాడోలో ఎల్క్. రెండింటికీ ఒకే మొన చాలా?

చాలు, గట్టిది కొంటే. ముదురు మగపందికి భుజాల మీద తోలు కింద గట్టి కండర కవచం ఉంటుంది. దానికి తోడు బురదలో పొర్లి ఒళ్లంతా మట్టి పట్టించుకుంటుంది, పదును అక్కడే పోతుంది. ఎల్క్ పోతు 300 కిలోలు దాటుతుంది, పక్కటెముకలు వెడల్పు. రెండింటికీ మందమైన రెక్కలతో, ఒకే ముక్క ఉక్కులో చేసిన ఫిక్స్‌డ్ మొన, బాణం మొత్తం బరువు 450 గ్రెయిన్లకి పైనే. బరువైన ఎముక పగలాలంటే 650 దాటాలని ఆష్బీ లెక్క. ఆఫ్రికా దున్నపోతు కోసం అది ఒప్పుకుంటాను, ఎల్క్‌కి అంత అక్కర్లేదు.

ఏ స్టీల్ గట్టిది? టైటానియం అంటే గొప్పా?

టైటానియం ఉండేది మధ్య బొడిపెలో, కోసే రెక్కలో కాదు. ధరకి కారణం అది కావచ్చు, కోతకి కాదు. రెక్క మందం చూడండి. మార్చుకునే బ్లేడులు చాలావరకు 0.027 నుంచి 0.035 అంగుళాలు, ఎముకకి తట్టుకునేవి 0.040కి పైన ఉంటాయి. గట్టిదనం రాక్‌వెల్ స్కేలు మీద 52 నుంచి 58 మధ్య ఉంటే మంచిది. మరీ మెత్తనైతే అంచు మడుచుకుంటుంది, మరీ గట్టిదైతే పెచ్చు ఊడుతుంది, సానపట్టడానికీ మీ ఓపిక చాలదు.

మన సంతలో కమ్మరి చేత చేయించుకుంటే పోలేదా?

ఈ ప్రశ్న నాకిష్టం. సవర, కోందు వాళ్ల బాణం ములికి చేతిలోకి తీసుకుని చూడండి. లారీ కమాన్ పట్టీ ముక్కని కొలిమిలో కాల్చి, సాగదీసి, ఆకురాయితో అంచు తీసి ఉంటుంది. ఇంకా సుత్తి దెబ్బల మచ్చలు కనిపిస్తూనే ఉంటాయి. తోక వెదురులోకి దిగి, పైన దారం చుట్టి ఉంటుంది. కమాన్ పట్టీ మంచి ఉక్కే, ఆ చేతి పనితనానికి వంక పెట్టలేం.

కాంపౌండ్ విల్లుకి అది పనికిరాదు, తప్పు కమ్మరిది కాదు. ఆధునిక బాణంలో మొన 8-32 అనే కొలత మరతో బిగుస్తుంది. ప్యాకెట్‌లోని మొనలన్నీ ఒకే బరువుండాలి, నడిమి గీతకి వెంట్రుకవాసి తేడా లేకుండా నిటారుగా ఉండాలి. సెకనుకు 270 అడుగుల వేగంలో ఆ చిన్న వంకరే బాణాన్ని గురి నుంచి పక్కకి లాక్కుపోతుంది. అవి లేతు మిషను మీద వచ్చే కొలతలు.

ఏ కంపెనీ కొనమంటారు?

జ్విక్కీ, మాగ్నస్, జీ5 మాంటెక్, స్లిక్ ట్రిక్, ఐరన్ విల్, మెకానికల్‌లో రేజ్, గ్రిమ్ రీపర్. ఇవన్నీ ఎప్పటి నుంచో జనం వాడుతున్నవే. జ్విక్కీ 1938 నుంచి దాదాపు అదే డిజైన్ చేస్తోంది. మాగ్నస్ జీవితకాల గ్యారంటీ ఇస్తుంది. వీటిలో ఏది కొన్నా ఫర్వాలేదు, రెండేళ్ల పాటు అదే వాడండి.

డజను పది డాలర్లకి దొరికే పేరులేని ప్యాకెట్లు మాత్రం వద్దు. అలాంటిది ఒకటి తెప్పించి త్రాసు మీద పెడితే 100 గ్రెయిన్లని రాసిన మొనలు ఏ రెండూ ఒక్క బరువు లేవు. ఒకదాని రెక్క వేలితో తోస్తే కదిలింది.

## కొన్నాక

ప్యాకెట్‌లోంచి తీయగానే పదునుగానే ఉంటుంది కదా?

ఉండొచ్చు, నమ్మకండి. ముంజేతి మీద వెంట్రుకలు నొక్కకుండానే తెగాలి. లేదా రబ్బరు బ్యాండు రెండు వేళ్ల మధ్య కొంచెం లాగి పట్టుకుని, అంచు దాని మీద ఆనించండి. తాకగానే తెగితే పదును. లాగాల్సి వస్తే పదును కాదు. బొటనవేలితో పరీక్షించే అలవాటు మానండి. బిగించేటప్పుడు కూడా చేత్తో తిప్పకుండా, ప్యాకెట్‌లో వచ్చే ప్లాస్టిక్ రెంచి వాడండి. ఈ ఆటలో ఎక్కువమంది తెగ్గోసుకునేది అక్కడే.

ఇంట్లో పదును ఎలా పెట్టాలి?

మార్చుకునే బ్లేడులైతే పెట్టకండి, కొత్తవి వేయండి.

ఒకే ముక్క మొనలకి మూడు మెట్లు. అంచు మొద్దుబారితే ముందు ఆకురాయి, తర్వాత సానరాయి, చివర తోలు పట్టీ. రెండు రెక్కలదాన్ని రాయి మీద 20, 25 డిగ్రీల కోణంలో పట్టుకుని, అంచు ముందుండేలా తోయాలి. ఒక్కో వైపూ సమానంగా. కోణం నిలబడుతోందో లేదో తెలియాలంటే అంచు మీద మార్కర్ పెన్నుతో గీత రాసి రెండుసార్లు రుద్దండి. ఇంకు అంచు దాకా పూర్తిగా పోతే కోణం సరే. వెనక మిగిలితే మొన ఎక్కువ ఎత్తారు, అంచు దగ్గర మిగిలితే తక్కువ ఎత్తారు.

కాసేపటికి అవతలి వైపు వేలి గోటికి సన్నని ముల్లులా ఒక గరుకు తగులుతుంది. ఇంగ్లీషులో బర్ అంటారు. అంచు పొడవునా అది లేచేదాకా రెండో వైపు తిప్పొద్దు, తొందరపడేవాళ్లకి పదును కుదరనిది ఇక్కడే. తర్వాత వైపు మారుస్తూ, నొక్కుడు తగ్గిస్తూ ఆ గరుకు తీసేసి, తోలు మీద అంచు వెనక్కి ఉండేలా పది పదిహేనుసార్లు లాగండి. సింగిల్ బెవెల్‌లో ఏటవాలు వైపే రుద్దాలి, చదునువైపు బర్ తీయడానికి ఒకటి రెండుసార్లు చాలు. మూడు రెక్కల మొన అయితే రెండు రెక్కలు ఒకేసారి రాయి మీద ఆనించి తోస్తే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది.

మామూలు మొనలు గురి దగ్గర, బ్రాడ్‌హెడ్లు అరచేతి దూరంలో పడుతున్నాయి. సైటు (విల్లుకి బిగించిన గురి సూది) జరిపేయనా?

వద్దు. సైటు జరిపితే రోగం దాక్కుంటుంది, పోదు. బ్రాడ్‌హెడ్ రెక్కలు బాణం ముందు భాగంలో గాలిని పట్టుకుంటాయి, బాణం కాస్త వంకరగా బయల్దేరినా ఆ వంకరని పెంచుతాయి.

ముందు బాణాన్ని నున్నటి చోట ఆనించి గిరగిరా తిప్పి మొన కొస చూడండి. కొస సన్నని చుక్కలా నిలవాలి. గుండ్రంగా ఊగితే ఆ మొననో, మొన బిగిసే లోపలి ఇన్సర్ట్‌నో మార్చాలి. అది సరే అనుకున్నాక రెండు రకాలూ 20 గజాల నుంచి వేయండి. బ్రాడ్‌హెడ్లు ఎడమకి పడితే రెస్ట్‌ని (విల్లు మీద బాణం ఆనే భాగాన్ని) కుడికి, కింద పడితే పైకి, అంటే ఎప్పుడూ మామూలు మొనలు పడిన వైపుకే జరపండి. ఒక్కసారికి అంగుళంలో ముప్పై రెండో వంతు, మిల్లీమీటరు కన్నా తక్కువ. రెండు గుంపులూ కలిశాక 30, 40 గజాలకి వెళ్లండి. అప్పటికీ సైటు కావాలంటే ముట్టుకోండి.

ప్రాక్టీసు చేసిన మొనతోనే వేటకి వెళ్లొచ్చా?

పదును మళ్లీ పెడితే వెళ్లొచ్చు. ప్రాక్టీసు ఫోమ్ దిమ్మలో ఒక్కసారి దిగినా అంచు పోతుంది. ప్యాకెట్‌లో మూడు వస్తే ఒకటి ప్రాక్టీసుకి, రెండు అడవికి. ఇక్కడ మన రేంజిల్లో బ్రాడ్‌హెడ్ వేయొద్దు, అట్టలు చింపేస్తుంది.

ఫ్లైట్‌లో తీసుకెళ్లనిస్తారా?

చేతి సంచిలో కుదరదు. చెక్-ఇన్ పెట్టెలో, బాణాల నుంచి విప్పి, మూత ఉన్న గట్టి డబ్బాలో పెట్టండి. సామాను తనిఖీ చేసేవాడి వేళ్లు కూడా గుర్తు పెట్టుకోండి.

## వేట రోజు, ఆ తర్వాత

ఎక్కడ కొట్టాలి? ఎంత దూరం నుంచి?

జంతువు పూర్తిగా పక్కకి తిరిగి ఉన్నప్పుడు, లేదా కొంచెం మీకు దూరంగా తిరిగి ఉన్నప్పుడు మాత్రమే. ముందు కాలి వెనక, ఛాతీ కింది నుంచి మూడో వంతు ఎత్తు. అక్కడ ఊపిరితిత్తులు, గుండె పైభాగం ఉంటాయి. జింకకి ఆ చోటు మన అన్నం పళ్లెం కన్నా చిన్నది. ఎదురుగా చూస్తుంటే ఆగండి, భుజం ఎముక ఏ బ్రాడ్‌హెడ్‌కైనా పరీక్షే.

దూరం దగ్గర టెన్షన్ పడకుండా నిజం చెప్పుకోండి. శబ్దం సెకనుకు సుమారు 1,100 అడుగులు, మీ బాణం 270. ఇరవై గజాల్లో కూడా నారి చప్పుడు ముందు జింక చెవిన పడి, తర్వాతే బాణం చేరుతుంది. బెదిరిన జింక దూకడానికి ముందు కిందికి కుంగుతుంది. నలభై గజాల్లో అట్ట మీద కొట్టగలగడం వేరు, బతికున్న జింకని కొట్టడం వేరు.

కొట్టాక వెంటనే వెతకాలా?

అరగంట కూర్చోండి, బాణం బాగా తగిలిందనిపించినా సరే. తర్వాత బాణం చూడండి. నురగతో లేత ఎరుపు రక్తం ఊపిరితిత్తులది, దగ్గర్లోనే దొరుకుతుంది. ముదురు ఎరుపు కాలేయానిది, మూడు నాలుగు గంటలు ఆగాలి. పచ్చగా, కంపు కొడుతుంటే పేగులకి తగిలింది. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ముట్టుకోవద్దు. తరిమితే అది మైళ్లు పోతుంది, మీకు దక్కదు, దానికి చావూ దక్కదు.

తగిలిన మొన మళ్లీ వాడొచ్చా?

వేడి నీళ్లు, సబ్బుతో కడిగి ఆరబెట్టాక బాణానికి బిగించి తిప్పి చూడండి. కొస ఊగినా, రెక్క వంగినా, అంచులో వెలుతురుకి మెరిసే పెచ్చు కనిపించినా పారేయండి. వంగినదాన్ని శ్రావణంతో సరిచేయకండి. బాగున్నవాటికి పదును పెట్టి, కొబ్బరి నూనె కాకుండా ఒక చుక్క మిషన్ ఆయిల్ రాసి దాచండి. కొబ్బరి నూనె చలికి గడ్డకట్టి జిగురవుతుంది. మెకానికల్ అయితే రింగులు, కాలర్లు ప్రతి సీజన్‌కీ కొత్తవే.